అటక మీది మట్టి చట్టి

ప్రశ్న: అక్కా, నాకు 47 ఏళ్ళు. కావలిలో ఉంటాం. మా అమ్మ పోయి ఏడాది దాటింది, సంవత్సరీకం కూడా అయిపోయింది. అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం. ఇంట్లో నేనూ ఆయనే. అమ్మ పోయినప్పటి నుంచి వంట మీద మనసు పోవడం లేదు. కుక్కర్లో అన్నం, ఏదో ఒక పచ్చడి, పెరుగు, అంతే. చేపల పులుసైతే ఒక్కసారి కూడా పెట్టలేదు. అమ్మ చేతి పులుసు తినాలని మాత్రం ప్రాణం లాగుతుంది.

రెండు నెలల కిందట నా డిగ్రీ స్నేహితురాలు నెల్లూరు నుంచి ఒక పార్సిల్ పంపింది. అందులో మట్టి చట్టి, ఉదయగిరి చెక్క గరిటె, ఒక కాగితం ఉన్నాయి. మా అమ్మ పులుసు ఎలా పెట్టేదో తనకు గుర్తున్నంత వరకు ఆ కాగితం మీద రాసింది. కొలతలు లేవు. ఆమెది ఉదయగిరి దగ్గర పల్లెటూరు. ఇక్కడ జవహర్ భారతి కాలేజీలో చదివేటప్పుడు హాస్టల్లో ఉండేది, ఆదివారాలు మా ఇంట్లో తినేది. కాగితం చివర 'అమ్మ నాకెప్పుడూ పొట్ట ముక్కే వేసేది, హాస్టల్ పిల్లకి ముళ్ళు తీసుకోవడం రాదని' అని ఉంది. ఆ తర్వాత ఏముందో చదవలేకపోయాను.

చట్టిని అటక మీద పెట్టేశాను. వాడితే పగులుతుందని భయం, చూస్తే ఏడుపు. ఆమె ఫోన్ చేసి అడిగితే 'పెట్టాను, బ్రహ్మాండంగా వచ్చింది' అని అబద్ధం చెప్పాను. ఇప్పుడేమో వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను, ఆ చట్టిలో పులుసు పెట్టు అంటోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది. పైగా ఇంత గుర్తు పెట్టుకుని పంపిన మనిషికి బదులు ఏమివ్వాలి? ఆయన వెండి గిన్నె కొందాం అంటున్నారు. నన్ను మీ చెల్లెలనుకుని చెప్పండి.
ఒక సోదరి, కావలి

సమాధానం: చెల్లెలనుకోమన్నావు కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను.

నువ్వు చదవలేక ఆపేసిన వాక్యం దగ్గరే నేనూ ఆగిపోయాను. పొట్ట ముక్క. శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపల్లో వీపు ముక్కలోనూ తోక ముక్కలోనూ కండ మధ్య సన్నటి చీలిక ముళ్ళుంటాయి. వేళ్ళకు తగలవు, నోట్లో పెట్టుకున్నాకే తెలుస్తాయి. పొట్ట ముక్కలో ఉండేవి పక్కటెముకలు. పెద్దవి, కంటికి కనబడతాయి, వరసగా లాగేస్తే వచ్చేస్తాయి. కొర్రమీనుకు ఎటూ ముళ్ళు తక్కువ, ఏ ముక్క వేసినా ఫరవాలేదు. కాబట్టి ఆదివారాలు మీ అమ్మ వండింది బొచ్చో శీలావతో అయ్యుంటుంది. మెట్ట ఊళ్ళో పెరిగిన పిల్ల, కంచంలో చేప ముక్క పెట్టుకుని ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియక దిక్కులు చూసి ఉంటుంది. మీ అమ్మ అది కనిపెట్టింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ పిల్లకు పొట్ట ముక్క వేసింది. ఏ ఇంట్లోనైనా అందరూ ఆశపడే ముక్క అదే. బహుశా అది నీకు రావాల్సిన ముక్కే.

పాతికేళ్ళు దాటినా ఆ పిల్ల మర్చిపోలేదు.

నువ్వు ఉత్తరమంతా ఆమె నీకిచ్చిన వస్తువు గురించి, నువ్వు ఆమెకివ్వాల్సిన వస్తువు గురించి రాశావు. నాకు ఆ పార్సిల్లో ఇంకో సంగతి కనబడుతోంది. అమ్మ పోయిన దుఃఖం నీ ఒక్కదానిదే అనుకుంటున్నావు. అన్నం పెట్టిన ఒక అమ్మ ఆమెకూ పోయింది, తల్లీ. కానీ ఎవరితో చెప్పుకుంటుంది? కూతురు కాదు, కోడలు కాదు, బంధువు కూడా కాదు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా నీ చెయ్యి పట్టుకున్నారు, పట్టుకోవాల్సిందే. ఆమెను 'నీకెలా ఉంది' అని అడిగినవాళ్ళు ఒక్కరూ ఉండి ఉండరు. అందుకే గుర్తున్నదంతా కాగితం మీద పెట్టి, చట్టి కొని, తన ఊరి గరిటె తోడు పెట్టి నీకు పంపింది. ఆ చట్టిలో పులుసు పెట్టమని అడగడం నీకు పరీక్ష పెట్టాలని కాదు. ఆ ఇంటి అన్నం ఇంకొక్కసారి తినాలని అడుగుతోంది. తినాలని ప్రాణం లాగుతోందని రాశావే, ఆమెకూ అదే.

అందుకని ముందు ఆ అబద్ధం సంగతి తేల్చెయ్యి. ఆదివారం వచ్చాక, పొయ్యి దగ్గర నిలబడి చెప్పడం కాదు, ఈ రోజే ఫోన్ చెయ్యి. పెద్దగా వివరించక్కర్లేదు. 'పులుసు పెట్టానని చెప్పానే, పెట్టలేదు. చట్టి చూస్తే అమ్మ గుర్తొచ్చి చేతులాడలేదు. నువ్వొస్తే ఇద్దరం కలిసి పెడదాం' అను. ఆమె కోప్పడుతుందని నేననుకోను. ఏడుస్తుందేమో. ఏడవనీ, నువ్వూ ఏడువు. ఇన్నాళ్ళూ ఇద్దరూ చెరో ఊళ్ళో విడివిడిగా ఏడ్చారు.

వెండి గిన్నె మాత్రం వద్దు. మీ ఆయన తప్పుగా ఏమీ అనలేదు, మంచి చేసిన మనిషికి మంచి వస్తువు ఇవ్వాలనుకున్నారు. కానీ మట్టి చట్టికి బదులుగా వేల రూపాయల వెండి చేతిలో పెడితే, లెక్క తీర్చేశాం అన్నట్టు ఉంటుంది ఆమెకు. రేపు నీకు గోంగూర కట్ట పంపాలన్నా జంకుతుంది.

మన నెల్లూరు రొట్టెల పండగ నీకు తెలిసిందే. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నవాళ్ళు రొట్టె పుచ్చుకుంటారు, కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు రొట్టెలు చేసుకొచ్చి ఇస్తారు. పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె అని ఎవరి కోరిక వాళ్ళది. మా ఆయనకు ఆపరేషన్ అయిన ఏడాది నేను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె తీసుకున్నాను. ఇచ్చినావిడ ఎవరో నాకు తెలియదు. తడిసిన కొంగు, చేతి నిండా ఆకుపచ్చ గాజులు, అదే గుర్తు. 'తిను తల్లీ, నయమైపోతుంది' అంది. నయమైంది. మరుసటి ఏడు రొట్టెలు మూటకట్టుకుని వెళ్ళి, పిల్లవాణ్ణి చంకనేసుకుని నిలబడిన ఒక అమ్మాయికి ఇచ్చాను. నాకిచ్చినావిడను వెతికి ఆమెకే తిరిగివ్వాలని అక్కడ ఎవరూ అనుకోరు. నీ కోరిక తీరిందా, ఇంకా తీరనివాళ్ళ చేతిలో ఒక రొట్టె పెట్టు.

మీ అమ్మ ఒక హాస్టల్ పిల్లకు అన్నం పెట్టింది. ఆ పిల్ల నీకు చట్టి పంపింది. కావలిలో కాలేజీలకూ కోచింగులకూ వచ్చి రూముల్లో ఉంటున్న పిల్లలు మీ వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఉంటారు. నెలకో ఆదివారం వాళ్ళలో ఇద్దరిని పిలిచి అన్నం పెట్టు. ఇద్దరి కోసం ఏం వండుతాంలే అనిపించడం కూడా నీ వంటింటి దిగులుకు ఒక కారణం. పులుసు కిలో చేపకు తక్కువ పెడితే రుచి రాదు, అది తినడానికి మనుషులు కావాలి.

ఇక చట్టి. అది పగులుతుందన్న భయం న్యాయమైనదే. కొత్త చట్టిని మంటకు అలవాటు చేయకుండా పొయ్యి మీద పెడితే పగిలిపోవచ్చు. ఆదివారానికి కనీసం వారం ముందు దాన్ని కిందికి దించు. లోపల నిగనిగలాడే రంగు పూత లేని మామూలు మట్టిదే కదా, ఒకసారి చూసుకో. పూత ఉంటే పులుపు వండకూడదు, కొన్ని పూతల్లో సీసం ఉంటుంది.

పెద్ద బకెట్లో చట్టిని నీళ్ళలో ముంచు. ముంచగానే బుడబుడమని బుడగలొస్తాయి. మట్టిలోని సన్నటి రంధ్రాల్లో ఉన్న గాలి బయటికి పోయి నీళ్ళు లోపలికి దిగుతాయి. ఒక పగలూ ఒక రాత్రీ అలాగే వదిలేసి, తర్వాత నీడలో బోర్లించి ఆరబెట్టు. ఆరాక ముప్పాతిక వంతు గంజి గానీ, బియ్యం కడిగిన చిక్కటి నీళ్ళు గానీ పోసి, సన్న సెగ మీద అరగంట కాగనివ్వు. గంజిలోని పిండి ఆ రంధ్రాల్లో చేరి వాటిని మూసేస్తుంది. పొయ్యి ఆపి, చట్టిలోనే చల్లారనిచ్చి, అప్పుడు పారబోయి. ఇలా మూడు రోజులు. ఆఖరి రోజు ఆరిన చట్టికి నువ్వుల నూనె రాసి, సన్న సెగ మీద కాసేపు వెచ్చబెట్టి దించు.

ఆ తర్వాత కూడా వెంటనే పులుసు పెట్టకు. ముందు పప్పుచారు కాచు. కందిపప్పు, ములక్కాడ, నాలుగు చిన్న ఉల్లిపాయలు, చివర్లో ఇంగువ పోపు. వేడన్నంలో పోసుకుని, పక్కన ఒక వడియం వేయించుకుని ఇద్దరూ కూర్చుని తినండి. ఇది చట్టి కోసం ఎంతో, నీ కోసం అంతకంటే ఎక్కువ. ఏడాదిగా మీ ఇంట్లో పోపు వాసన లేదు. ఒకేసారి అమ్మ పులుసు దగ్గరికి వెళ్ళాలంటే వంటిల్లు బరువుగానే ఉంటుంది. రెండు మూడు రోజులు పప్పుచారు, టమాటా పప్పు కాగితే ఆ గదిలోకి అడుగుపెట్టడం కొంచెం తేలికవుతుంది. ఆదివారం చేపలు పెట్టాక ఆ చట్టి ఇక చేపలకే, నీకు చెప్పక్కర్లేదు.

నా మొదటి చట్టి ఎలా పోయిందో చెప్తాను. పెళ్ళైన కొత్తలో మా పిన్ని ఇచ్చింది. పొయ్యి మీంచి దించి, తడిగా ఉన్న బండ మీద పెట్టాను. టప్‌మని శబ్దం, అడుగు నుంచి అంచు దాకా ఒక గీత. పులుసంతా బండ మీదికి. నేను గుక్కపెట్టి ఏడుస్తుంటే మా అత్తయ్య ఒక్క మాటా అనలేదు. పెంకులన్నీ ఏరి తులసి కుండీ అడుగున, నీళ్ళు పోయే చిల్లు మీద పేర్చింది. 'ఊరికే పోలేదులే' అంది. ఆ కుండీలో తులసి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. చట్టి దించగానే గుడ్డ చుట్టకుదురు మీద పెట్టు, లేదా పొడి చెక్క పలక మీద. వేడి చట్టిలో చన్నీళ్ళు పోయకు. సబ్బుతో తోమకు, మట్టి ఆ సబ్బును పీల్చుకుని మళ్ళీ కూరలోకి వదులుతుంది. కొబ్బరి పీచు, పిడికెడు శనగపిండి, వేడినీళ్ళు చాలు. ఇన్ని చేసినా ఏదో ఒక రోజు పగలొచ్చు. పగిలితే ఇంకోటి కొనుక్కుందువు గానీ. అటక మీద భద్రంగా ఉన్న చట్టిలో ఆమె రాసిన పులుసు ఉడకదు.

ఆ గరిటె గురించి కూడా చెప్పాలి. ఉదయగిరి కొండల్లో దొరికే నర్ది, కలివి లాంటి కర్రలతో అక్కడి కుటుంబాలు, ముఖ్యంగా ఆడవాళ్ళు, గరిటెలూ చెంచాలూ చెక్కుతారు. దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. స్టీలు గరిటెలా చట్టి అడుగును గీకదు, చెయ్యి కాలదు. వాడే ముందు కడిగి ఆరబెట్టి కొంచెం నూనె రాయి. సింకులో నానబెట్టి వదలకు.

కాగితంలో కొలతలు లేవన్నావు. శుభ్రం చేసిన కిలో చేపకు నేను వేసేవి చెప్తాను, అమ్మ లెక్క నువ్వు సరిచూసుకో. పెద్ద నిమ్మకాయంత పాత చింతపండు ఉండలు రెండు, పుల్ల మామిడికాయ దొరికే కాలమైతే అదీ వేస్తాం కాబట్టి చింతపండు ఒకటిన్నర ఉండ చాలు. ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, పచ్చిమిరపకాయలు ఐదు, వెల్లుల్లి ఒక గడ్డ. కారం మూడు పెద్ద చెంచాలు, కల్లుప్పు రుచి చూసి. నూనె చిన్న టీ గ్లాసుడు, తగ్గించకు. ధనియాలు రెండు పెద్ద చెంచాలు, జీలకర్ర ఒక చిన్న చెంచా, మెంతులు అర చెంచా దోరగా వేయించి పొడి కొట్టుకో. మెంతులు మాడితే పులుసంతా చేదే. ఉల్లిపాయ మగ్గాక టమాటా, కారం వేసి, చింతపండు పులుసు పోసి, పైన నూనె తేలేదాకా ఇరవై నిమిషాలు కాగనివ్వాలి. తర్వాత మామిడి ముక్కలుంటే అవి, ఐదు నిమిషాలాగి చేప ముక్కలు. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు. రెండు గుడ్డలతో చట్టి అంచులు పట్టుకుని మెల్లగా తిప్పాలి. పది నిమిషాలకే పొడి చల్లి, కరివేపాకు వేసి ఆపెయ్యి. మట్టి చట్టి వేడిని పట్టుకుని ఉంటుంది, పొయ్యి ఆపాక కూడా పులుసు కాసేపు ఉడుకుతూనే ఉంటుంది.

చేప తేవడం మీ ఆయనకు అప్పగించు. వెండి గిన్నె కొనాలన్న ఆయన ఉత్సాహం అక్కడికి మళ్ళించు. తుమ్మలపెంట సముద్రతీరం నుంచి వంజరం ఎంత తాజాగా వచ్చినా ఆ రోజుకు వద్దు, చెరువు చేపే తెమ్మను. మొప్పలు ఎర్రగా, కన్ను తేటగా ఉండాలి, పొట్ట చెడకుండా ముక్కలు కొట్టించాలి.

అమ్మ చేతి రుచి వస్తుందా అంటే, మొదటిసారి రాదు. ఇది ముందే తెలిస్తే నోట్లో పెట్టుకున్నాక గుండె జారదు. అమ్మ కారం వేరు, పొయ్యి వేరు. కానీ నీ స్నేహితురాలు పక్కన ఉండటం నీకు చాలా సాయం. నువ్వు పుట్టినప్పటి నుంచి తిన్నావు కాబట్టి ఆ రుచి నీకు అన్నం లాంటిదే, ప్రత్యేకంగా గమనించి ఉండవు. ఆమెకు అది అంతకు ముందు తెలియని రుచి. అలాంటిది నాలుక బాగా గుర్తు పెట్టుకుంటుంది. పులుపు సరిపోయిందా, మెంతులు ఇంకాస్త పడాలా అన్నది ఆమెనే చూడమను. అమ్మ చెయ్యి ఎలా ఆడేదో నీకు గుర్తుంటుంది. ఇద్దరి జ్ఞాపకాలూ కలిస్తేనే ఆ పులుసుకు దగ్గరగా రాగలరు. కుదిరిన కొలతలు ఆ కాగితం వెనక ఆమె చేతే రాయించు. అప్పుడు ఆ కాగితం చివరి దాకా చదువు, ఆమె పక్కన ఉండగా.

చేపల పులుసు మర్నాటికే బాగుంటుందని నీకూ తెలుసు. రాత్రంతా ఉంటే ఉప్పూ పులుపూ ముక్క లోపలికి దిగుతాయి. శనివారం మీ ఇంట్లో నీచు వండరనుకుంటాను. కాబట్టి ఆదివారం పొద్దున్నే రమ్మని, ఆ రాత్రికి ఉండిపొమ్మను. నెల్లూరు ఎంత దూరం, గంట ప్రయాణం. మధ్యాహ్నం సగం తినండి. ఎండలు ముదిరి ఉంటే మిగిలింది చల్లారాక స్టీలు డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టు. చట్టితో పాటు ఫ్రిజ్‌లో పెడితే తీసి వేడి చేసినప్పుడు పగులుతుంది. అల్యూమినియం గిన్నెలోకి మార్చకు, పులుపు దాన్ని తినేస్తుంది. సోమవారం ఇద్దరిలో ఎవరికీ పట్టింపు లేకపోతే, పొద్దున వేడి దోసెల్లోకి నిన్నటి పులుసు. పక్కింటివాళ్ళ గిన్నెను కూడా ఖాళీగా తిరిగి పంపం కదా మనం, ఆమె వెళ్ళేటప్పుడు ఒక డబ్బా నింపి ఇవ్వు. ఆమెకు నువ్వివ్వాల్సిన బదులు అదే.

ఇంకొక్క మాట. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఉంటే, అవి ఇంకా తగ్గకపోతే, ఒకసారి డాక్టర్‌ని కలువు. ఏడాదైంది, తప్పేమీ లేదు. మీ ఆయనకు కూడా ఆ మాట చెప్పి తీసుకెళ్ళమను.

ఆదివారం వడ్డించేటప్పుడు పొట్ట ముక్క ఆమె కంచంలో వెయ్యి. ఆమెకిప్పుడు ముళ్ళు తీసుకోవడం వచ్చే ఉంటుంది. అయినా సరే, వెయ్యి.